రెండో వైపు

కేసెట్టు మీద సిరిల్ చేతిరాత:
రైల్వే ఇన్‌స్టిట్యూట్, వాల్తేరు, శనివారం.
ఏ శనివారమో రాయలేదు.
వారానికి ఒక్కటే ఉండేది మరి మాకు.

సిరిల్ డికాస్టా పగలు లోకోషెడ్డులో ఫిట్టరు,
చీకటి పడ్డాక ట్రంపెట్టు.
ఎంత తోమినా గోళ్ళలో గ్రీజు,
మూడో వాల్వు మీద దాని నల్లటి ముద్ర.
ఈ టేపులో అతని వంతు వచ్చింది.
ఊపిరి తీసుకున్నాడు, వినిపిస్తుంది,
వాయించలేదు.
ఒక బారు. రెండు. మూడు.
వెనక తాళం మోస్తూ
వీడికేమైందని మేం మొహాలు చూసుకుంటున్నాం.
నాలుగో బారు చివర
ఒకే ఒక్క స్వరం.
గోడకి మేకు కొట్టినట్టు కాదు,
ఎప్పుడో కొట్టిన మేకుకి
ఇంటికొచ్చి చొక్కా తగిలించినట్టు.

నలభై ఏళ్ళుగా ఆ ఆగడం నేర్చుకుంటున్నాను.
మూడో బారు దాకా వచ్చాను.

డ్రమ్ముల మీద తెడ్డు పరసయ్య, జాలరిపేట.
అంకెలు చెబితే తలనొప్పి అతనికి.
"ఏటి బావూ ఈ లెక్క!
కెరటానికెవుడు సెప్పాడు లెక్క?"
బ్రష్షులు కొనలేక
చీపురుపుల్లలు రబ్బరుతో కట్టుకొచ్చాడు.
ఈ సరసర అదే.
బొంబాయి నుంచి వచ్చిన ఒకాయన
ఏ కంపెనీవని అడిగితే
సిగ్గుపడి, "మా ఇంటిదాన్నడగాల" అన్నాడు.

ఐరిస్ టీచరు పియానోకి
ఉప్పుగాలి తిని రెండు మెట్లు మూగబోయాయి.
ఆవిడ ఎవరికీ చెప్పలేదు.
ఆ వంకర దారులు, ఆ హఠాత్తు మలుపులు
గొప్ప ఊహలనుకుని
రాత్రుళ్ళు కూర్చుని కాగితం మీదకి ఎక్కించుకున్నాను.
రెండు గుంతల్ని తప్పుకుంటూ
చీర కుచ్చిళ్ళు తడవకుండా
ఒక మనిషి నడిచిన నడక అది.
తెలిశాక గౌరవం పెరిగింది.

బండారు కూర్మయ్య గురించి చెప్పాలంటే
ముందు ఒప్పుకోవాలి, నాకు ఈర్ష్య.
పూర్ణా మార్కెట్టు వెనక బ్యాండుమేళం అతనిది.
పెట్రోమాక్సు పక్కన నడుస్తూ వాయించిన క్లారినెట్టు,
కుర్చీలో కూర్చోబెట్టినా
పాదాలు రోడ్డు కోసం వెతికేవి.
గాంధారాన్ని కాస్త కిందికి వంచి
ఏడుస్తోందో నవ్వుతోందో తేల్చకుండా
అక్కడే వదిలేసేవాడు,
పిల్లని జాతరలో వదిలేసినట్టు.
తర్వాత మద్రాసు వెళ్ళి స్టూడియోలో రికార్డు చేశాడు.
శుభ్రంగా ఉంటుంది.
నాకు నచ్చదు.
అందులో చెప్పుల చప్పుడు లేదు.

హుద్‌హుద్ వచ్చిన రాత్రి
పైకప్పు రేకులు ఎటు పోయాయో తెలీదు,
టేపులు మోకాల్లోతు నీళ్ళలో.
తెల్లారి ఒక్కొక్కటీ విప్పి
గోధుమరంగు రిబ్బను జేబురుమాలుతో ఒత్తి
దండెం మీద వేశాను.
పక్కింటావిడ లోదుస్తులనుకుంది కాబోలు,
అటు తిరిగి నిలబడింది.
మొదటి వైపు పోయింది.
అందులో పరసయ్య పాడాడు కూడా.
అతను పాడతాడని ఇప్పుడు ఎవరూ నమ్మరు.

రుషికొండ హోటల్లో శనాదివారాలు
భోజనాలకి అడ్డం రాకుండా వాయిస్తున్నాం.
బేసు కుర్రాడు సుగుణాకర్
మొన్న ఇంటికొచ్చి మొత్తం విన్నాడు.
"ఈ సాక్సోఫోను ఎవరు సార్,
రైలు తప్పిపోతున్నట్టు పరిగెడుతున్నాడు?"
ఎవరో, అన్నాను.
ముందుకి తిప్పేశాను.

పాట మారే చోట
హార్బరులోంచి ఓడ కూత పడింది టేపులో.
అక్కడ అందరూ ఆగి,
ఐరిస్ టీచరు ఒక్క దగ్గు దగ్గి,
మళ్ళీ మొదలవుతారు.
కుర్రాడు అదే కావాలన్నాడు.
వెనక్కి తిప్పాం. మళ్ళీ. మళ్ళీ.
"ఏ స్వరం సార్ అది?"
వాద్యం తీసి వెతికాను.
పైది కాదు, కిందిదీ కాదు.
కిటికీ అవతల డాల్ఫిన్ నోస్ మీద దీపం
వచ్చిపోతోంది, వచ్చిపోతోంది,
కాఫీ చల్లారింది,
దొరకలేదు నాకు.

కూర్మయ్యకైతే దొరికేది.